రొమ్ము కంతుల పరీక్షయందు అతిధ్వని చిత్రము : విధానము, పరిభాష

1. ఉపోద్ఘాతము

హైదరాబాదు నగరమధ్యమున, అమీర్‌పేట కూడలికి చేరువగా, హుడా సంస్థ నిర్మించిన మైత్రీవనమను భవనసముదాయము కలదు. కంప్యూటరు విద్యలు నేర్పు శిక్షణాలయములకు ఈ ప్రాంతము పెట్టినది పేరు. అచ్చటినుండి పంజగుట్ట వైపు సాగినచో నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ, అనగా జనుల నోట 'నిమ్స్', వచ్చును. ఈ త్రోవలలో రోగనిర్ణయ కేంద్రముల నామఫలకములు పెక్కు కనబడును. వానిపై తఱచుగా కనబడు మాట 'స్కానింగు'. ఆ మాట విన్నంతనే గర్భిణీస్త్రీల పరీక్ష మనకు స్ఫురించును. కాని ఆ యంత్రమే, వేఱొక ప్రోబును తగిలించినచో, రొమ్మునందలి కంతిని కోతగాని సూదిగాని లేకుండ పరిశీలించుటకు సాధనమగుచున్నది.

ఈ పరీక్ష యెట్లు జరుగును, దానివలన ఏమి తెలియును, ఏమి తెలియదు అను విషయములను వివరించుట ఈ వ్యాసమునకు మొదటి ప్రయోజనము. రెండవది భాషకు సంబంధించినది. పరీక్షా నివేదిక ఆంగ్లమున నుండును. పరీక్షకు వచ్చిన స్త్రీకి అది వైద్యుని నోటనో, బంధువుల నోటనో తెలుగై చేరును. ఆ మార్పులో సందేహము నిశ్చయముగను, నిశ్చయము సందేహముగను మాఱుట కలదు. 'ఏమియు లేదట' అను మాటతో ఇల్లు చేరి ఆరునెలల తరువాతి పరీక్షకు రాని స్త్రీయు, 'గడ్డ ఉన్నదట' అను మాటతో భీతిల్లి అసలు వైద్యమునకే రాని స్త్రీయు ఒక్క దోషముచేతనే నష్టపడుచున్నారు. అతిధ్వని చిత్రము సాక్ష్యము మాత్రమే. తీర్పు వేఱొకచోట జరుగును. ఆ సాక్ష్యపు బలమెంతయో చెప్పగల తెలుగు మనకు కలదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

2. గడ్డ, కంతి, అర్బుదము

మొదట పేరులను విచారింతము. తెలుగున 'గడ్డ' యను పదము మిక్కిలి విశాలమైనది. చీముపట్టిన వాపు గడ్డ. భూమిలో నూరు దుంప గడ్డ. తెలంగాణమున నీరుల్లి ఉల్లిగడ్డ. పాలిచ్చు తల్లికి రొమ్ము బిగిసినచో పాలు గడ్డకట్టినవందురు. ఈ చివరి వాడుక వలన ఒక ప్రమాదము కలదు. బాలెంతరాలి రొమ్మున తగిలిన ప్రతి గట్టిదనమును పాలకు ముడిపెట్టి నెలల తరబడి ఉపేక్షించుట జరుగుచున్నది. పాలిచ్చు కాలమునను క్యాన్సరు పుట్టవచ్చును.

'రాచపుండు', 'రాచకురుపు' అనునవి నయముకాని వ్రణమునకు మన పెద్దలు వాడిన మాటలు. ఇవి రోగపు చివరి దశను, అనగా చర్మము పగిలి పుండుపడిన స్థితిని, కన్నులకు గట్టును. తొలిదశలో రొమ్ము పైకి మామూలుగనే యుండును. నొప్పి తఱచుగా నుండదు. కావున ఈ పేరులు నెఱిగిన స్త్రీ తన రొమ్మున నున్న చిన్న కంతిని ఆ రోగముగా నెఱుంగజాలదు.

సంస్కృత వైద్యమున 'గ్రంథి', 'అర్బుదము' అని రెండు మాటలున్నవి. సుశ్రుతసంహిత నిదానస్థానము పదునొకండవ అధ్యాయమున ఈ రెండును వివరింపబడినవి. పదవ అధ్యాయమున స్తనరోగములు ప్రత్యేకముగా చెప్పబడినవి. అర్బుదము గుండ్రనిది, కదలనిది, కొలదిపాటి నొప్పి గలది, లోతుగా వేరూనినది, మెల్లగా పెరుగునది, పక్వము కానిది యని అందలి లక్షణము. ఇవి చేతితో తాకి గ్రహింపదగిన గుణములు. నేటి వైద్యుడును మొదట పరీక్షించునది కంతి కదలునా, అంటుకొని యున్నదా యనియే. దేహమును గాయపఱపని పరీక్షలలో మొదటిది హస్తపరీక్ష. అతిధ్వని దానికి కొనసాగింపు.

ఈ వ్యాసమున చేతికి తగిలిన లేక చిత్రమున గోచరించిన ముద్దకెల్ల 'కంతి' యను మాటనే వాడుదును. దానికి మంచిచెడ్డల అర్థము లేదు. అపాయము లేనిదానిని నిరపాయ కంతి యనియు, క్యాన్సరైనదానిని అపాయకర కంతి యనియు వ్యవహరింతును.

3. ధ్వనిచే చూచుట

మానవుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనముల వఱకు గల ధ్వనిని వినగలదు. దానిని మించినది అతిధ్వని. రొమ్ము పరీక్షయందు వాడునది సెకనునకు 70 లక్షలనుండి 150 లక్షల కంపనములు, కొన్ని యంత్రములలో అంతకు మించియు, గల ధ్వని. ఇందు ఎక్స్‌రే లేదు. కావున కిరణప్రసారమువలని భయము లేదు. గర్భిణులకును బాలెంతలకును ఈ పరీక్ష నిరభ్యంతరముగా చేయవచ్చును.

1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తును ప్రసరింపజేసినచో అవే స్ఫటికములు కంపించును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పాల్ లాంజివాన్ ఈ గుణము నుపయోగించి సముద్రమునందలి జలాంతర్గాములను ప్రతిధ్వనిచే పసికట్టు యత్నము చేసెను. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జాన్ వైల్డ్ అను శస్త్రవైద్యుడు, జాన్ రీడ్ అను ఇంజనీరుతో గూడి, ఈ మార్గమును రొమ్ముపై ప్రయోగించెను. వైమానికులకు రాడారు విద్య నేర్పుటకు నౌకాదళము వాడిన 150 లక్షల కంపనముల యంత్రముతో వైల్డు తన తొలి ప్రయోగములు చేసెను. ఆ యిరువురి పరిశోధనము 1952లో 'సైన్స్' పత్రికయందు వెలువడెను. ప్రాణముతో నున్న దేహమునందలి కంతి ఎట్టిదో కోయకయే ఊహింపవచ్చునను ఆశ అప్పటినుండి బలపడెను.

విధానము సులభగ్రాహ్యమే. వైద్యుడు చర్మముపై జెల్లు పూసి ప్రోబును ఆనించును. జెల్లు లేనిచో ప్రోబునకు చర్మమునకు నడుమ నుండు గాలిపొర ధ్వనిని దాదాపు పూర్తిగా వెనుకకు త్రిప్పివేయును. మెత్తని ధాతువులలో ధ్వని సెకనునకు సుమారు 1,540 మీటర్లు పోవునని యంత్రము లెక్కవేసికొనును. మూడు సెంటీమీటర్ల లోతునుండి ప్రతిధ్వని తిరిగివచ్చుటకు సెకనును పదిలక్షల వంతులు చేసినచో సుమారు 39 వంతులు పట్టును. వచ్చిన కాలమునుబట్టి లోతు, వచ్చిన బలమునుబట్టి వెలుగు ఏర్పడును. ఇట్టి వేలకొలది ప్రతిధ్వనులు తెఱపై నలుపు, తెలుపు, బూడిదవన్నెల చిత్రమగును. కంపనసంఖ్య పెరిగినకొలది సూక్ష్మభేదములు కనబడును. కాని ధ్వని లోతునకు పోజాలదు. రొమ్ము చర్మమునకు దగ్గరగా నున్న అవయవము గనుక అధిక కంపనముల ధ్వని దానికి తగినది.

చెఱువులో రాయి వేసి చప్పుడునుబట్టి లోతు నూహించువాని పని వంటిది ఈ పరీక్ష. నీటిని చూడకయే అతడు నీటి సంగతి కొంత చెప్పగలడు. చేపలు ఏజాతివో చెప్పలేడు.

4. చిత్రమున చూడవలసిన లక్షణములు

రొమ్మున కంతి యున్నదని తెలిసినపుడు మొదటి ప్రశ్న: అది నీటితిత్తియా, గట్టి ముద్దయా? చేతికి రెండును ఒక్కతీరుగా తగులవచ్చును. అతిధ్వని ఈ సంశయమును తఱచుగా క్షణములో తీర్చును. నీటినుండి ప్రతిధ్వని పుట్టదు. కావున నీటితిత్తి కారునలుపుగా, సన్నని అంచుతో కనబడును. నీటిలో ధ్వని అంతగా క్షీణింపదు గనుక దాని వెనుకభాగము చుట్టుప్రక్కలకంటె ప్రకాశవంతముగా నుండును. ఈ లక్షణములన్నియు కలిసినచో స్త్రీకి కోత లేదు, సూది లేదు. నొప్పి యున్ననే నీరు తీయుదురు. ఈ పరీక్ష చేయు మేలులలో ఇది మొదటిది.

గట్టి ముద్దయైనచో విచారణ పెరుగును. వైద్యుడు ముఖ్యముగా ఐదు విషయములను చూచును.

ఒకటి, ఆకారము: కోడిగ్రుడ్డువలె నున్నదా, గుండ్రనిదా, వంకరటింకరయా. రెండు, అంచు: గీచినట్లు స్పష్టముగా నున్నదా, చెరగినట్లున్నదా, మూలలు తేరినదా, ముళ్లవలె బయటికి చొచ్చుకొని పోవుచున్నదా. మూడు, పడకతీరు: చర్మమునకు సమాంతరముగా పడుకొన్నదా, నిలువుగా లేచినదా. నాలుగు, లోపలి ప్రతిధ్వనుల తీరు. ఐదు, వెనుక ఏర్పడు వెలుగు లేక నీడ.

ఇందు మూడవది మననము చేయదగినది. రొమ్మునందలి ధాతువులు పొరలు పొరలుగా నుండును. నిరపాయ కంతి ఆ పొరల నడుమ పెరుగుచు వానిని ప్రక్కకు నెట్టును గాని చీల్చదు. కావున అడ్డముగా పెరుగును. పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల లోపు వారికి తఱచుగా వచ్చు ఫైబ్రోఎడినోమా యిట్టిదే. చేతిక్రింద అది జారిపోవును. చిత్రమున గ్రుడ్డువలె, స్పష్టమైన అంచుతో, అడ్డముగా కనబడును. అపాయకర కంతి పొరల హద్దును పాటింపక నిలువుగా చొచ్చుకొనిపోవును. దాని చుట్టును నారవంటి ధాతువు పేరుకొనుటచే ధ్వని క్షీణించి వెనుక నీడ పడును. ఈ చిత్రలక్షణములు కంతి ప్రవర్తనకు గుర్తులని దీనివలన తెలియుచున్నది.

1995లో అమెరికాలోని థామస్ స్టావ్రోస్, ఆయన సహచరులు 750 గట్టి కంతులను ఈ విధముగా పరిశీలించి ప్రచురించిరి. అందు 125 క్యాన్సర్లు. అపాయలక్షణ మొక్కటియు లేక నిరపాయ లక్షణములు స్పష్టముగా నున్న 426 కంతులను వేఱుచేయగా, వానిలో రెండు మాత్రమే క్యాన్సర్లని తేలినది. అంతకుముందు గట్టి కంతి యన్నంతనే కోసితీయుట వాడుకగా నుండెను. ఆ వాడుకను సడలించుటకు ఈ పరిశోధనము ఆధారమయ్యెను.

5. లక్షణములు తప్పుదారి పట్టించు సందర్భములు

పై రెండు కంతులును మఱవరానివి. లక్షణము లన్నియు నిరపాయమును సూచించుచుండగనే క్యాన్సరైనవి కలవు. హార్మోనులకు లొంగని 'ట్రిపుల్ నెగటివ్' అను జాతి క్యాన్సరు కొన్నిచోట్ల గుండ్రముగా, నున్నని అంచుతో, వెనుక వెలుగుతో కనబడి నిరపాయ కంతిని అనుకరించును. జిగురుపదార్థముతో నిండిన మ్యూసినస్ క్యాన్సరును అట్టిదే. ఇందుకు విరుద్ధముగా, దెబ్బ తగిలి క్రొవ్వు చచ్చినచోటును, పాత శస్త్రచికిత్స మచ్చయు, గ్రాన్యులోమా యను తాపమును, రొమ్మునకు సోకిన క్షయయు క్యాన్సరువలె వంకర అంచుతో, నీడతో కనబడవచ్చును. క్షయ విస్తారముగా నున్న మన దేశమున ఈ చివరిదానిని వైద్యులు మనసున నుంచుకొందురు.

ఇంకొక పరిమితి కలదు. పాలనాళములలోనే యుండి ఇంకను బయటికి రాని తొలి క్యాన్సరు సన్నని సున్నపురేణువులుగా మామోగ్రఫీ యందు కనబడును. అతిధ్వనికి అవి తఱచుగా గోచరింపవు. కావున ఈ రెండు పరీక్షలు ఒకదానికొకటి తోడు. ఒకదానికి బదులు మఱొకటి కాదు. చంకలోని బిళ్లలను చూచుటలో మాత్రము అతిధ్వనిదే పైచేయి. బిళ్ల యొక్క పైపొర మందమై, నడిమి వెలుగు చెరిగినచో క్యాన్సరు ప్రాకినదేమో యను అనుమానము కలుగును.

6. గట్టిదనము, రక్తప్రసారము

చేతితో నొక్కి చూచు గట్టిదనమును యంత్రముచే కొలువవచ్చునా యను ప్రశ్న నుండి ఎలాస్టోగ్రఫీ పుట్టినది. 1991లో జోనతన్ ఆఫిర్, ఆయన సహచరులు దీనికి మార్గము చూపిరి. ప్రోబుతో మెల్లగా నొక్కినపుడు మెత్తని భాగము అణగును, గట్టిది అణగదు; నొక్కకముందటి ప్రతిధ్వనులను నొక్కిన తరువాతి వానితో పోల్చి యంత్రము గట్టిదనమును రంగులలో చూపును. 2006లో జపాను వైద్యులు దీనిని ఐదు మెట్లుగా విభజించిరి. ఐదవ మెట్టున కంతియే గాక దాని చుట్టునున్న భాగమును గట్టిగా నుండును. వేఱొక పద్ధతిలో యంత్రమే లోపల అడ్డుతరంగమును పుట్టించి దాని వేగమును కొలుచును. గట్టి ధాతువులో ఆ తరంగము వేగముగా పోవును.

1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సూత్రముననుసరించి రక్తప్రవాహమును కూడ చూడవచ్చును. క్యాన్సరు క్రొత్త రక్తనాళములను తనవైపు లాగుకొనును. ఐనను ఫైబ్రోఎడినోమాలోను రక్తప్రసారము ఉండవచ్చును. మెత్తని క్యాన్సర్లును కలవు. కావున ఈ రెండును ఉపసాక్ష్యములు. ఆకారము, అంచు అనువాని సాక్ష్యము చెడ్డదైనపుడు మెత్తదనము చూచి ఊరకుండుట తగదు.

7. నివేదికలోని శ్రేణులు – తెలుగు క్రియారూపములు

ఇన్ని లక్షణములను చూచిన వైద్యుడు ఒక శ్రేణిని నిర్ణయించును. అమెరికా రేడియాలజీ కళాశాల ఏర్పఱచిన ఈ పద్ధతికి బైరాడ్స్ అని పేరు. ఇది మొదట మామోగ్రఫీకి ఏర్పడి, 2003లో అతిధ్వనికి విస్తరించి, 2013లో సంస్కరింపబడెను. సున్న నుండి ఆరు వఱకు గల ఈ అంకెలే నివేదిక చివర కనబడును. పెక్కుమంది స్త్రీలు ఈ అంకెను రోగపు దశయని భ్రమించుచున్నారు. 'నాలుగు' అని చూచి నాలుగవ దశ క్యాన్సరని విలపించిన కుటుంబములు లేకపోలేదు. దశ రోగవ్యాప్తిని తెలుపును. శ్రేణి అనుమానపు బలమును తెలుపును. ఈ భేదమును చెప్పకుండ అంకెను మాత్రము చేతికిచ్చుట హింసయే యగును.

సందేహపు మెట్లను తెలుపుటలో మన క్రియారూపములకు మంచి శక్తి కలదు. కాదు, కాదనవచ్చును, కావచ్చునేమో, కావచ్చును, అయియుండవచ్చును, అయియుండవలెను, అగును అను రూపములను వరుసగా పలికినచో నిశ్చయము ఎట్లు క్రమముగా పెరుగుచున్నదో తెలుగువారికెవరికైనను చెవియే చెప్పును. ఈ వరుసను బైరాడ్స్ శ్రేణులతో జతపఱుప వచ్చును.

సున్న: 'ఇంకను చెప్పజాలము, వేఱొక పరీక్ష కావలెను.' ఒకటి: 'ఏమియు కానరాదు.' రెండు: 'కంతి యున్నది, క్యాన్సరు కాదు.' నీటితిత్తి దీనికి ఉదాహరణము. మూడు: 'క్యాన్సరు కాదనవచ్చును.' ఈ శ్రేణిలో క్యాన్సరయ్యెడు అవకాశము నూటికి రెండునకు మించదు. సాధారణముగా ఆరునెలలకు మరల చూతురు. నాలుగవ శ్రేణి మూడు భాగములు. మొదటిభాగము నూటికి రెండునుండి పది వఱకు: 'కావచ్చునేమో.' రెండవది పదినుండి ఏబది వఱకు: 'కావచ్చును.' మూడవది ఏబదినుండి తొంబదియైదు లోపు: 'అయియుండవచ్చును.' ఐదు: 'అయియుండవలెను'; అవకాశము నూటికి తొంబదియైదు, అంతకు మించియు. ఆరు: 'అగును.' ఈ చివరి రూపమును పలుకు అధికారము చిత్రమునకు లేదు. ముక్క పరీక్ష ముందే జరిగి క్యాన్సరని తేలినవారికే ఆరవ శ్రేణి వర్తించును.

మూడవ శ్రేణికి 'కాదు' అని చెప్పుటయు, నాలుగవ శ్రేణి మొదటిభాగమునకు 'అగును' అని చెప్పుటయు ఒకేరకపు అనువాద దోషములు. మొదటిదానిచే ఆరునెలల పరీక్ష తప్పును. రెండవదానిచే, నూటికి తొంబదిమందికి పైగా క్యాన్సరు లేనివారే యైన స్త్రీలు మరణభయమున పడుదురు. నాలుగు, ఐదు శ్రేణులలో ముక్క పరీక్ష చేయుదురు. అందును అతిధ్వనియే మార్గదర్శి: సూదిమొన కంతిలో దిగుచుండగా వైద్యుడు తెఱపై చూచుచుండును. గాయపఱపని పరీక్ష గాయపఱచు పరీక్షకు ఇట్లు తోడగును. 'సూది తగిలినచో రోగము ప్రాకును' అను భయము జనులలో కలదు. దానికి లోబడి ముక్క పరీక్షను నిరాకరించుటవలన కలుగు నష్టము అపారము.

8. మన దేశపు స్థితి

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2022వ సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము భారతదేశమున ఆ యేట సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా కనబడినది. సుమారు 98,000 మంది మరణించిరి. పాశ్చాత్య దేశములతో పోల్చినచో మన స్త్రీలకు ఈ రోగము తక్కువ వయసున కనబడుచున్నది. చిన్నవయసు రొమ్మున గ్రంథిధాతువు దట్టముగా నుండును. మామోగ్రఫీ యందు గ్రంథియు తెలుపే, కంతియు తెలుపే. మంచులో తెల్లపావురమును వెదకినట్లగును. అతిధ్వనికి ఈ చిక్కు తక్కువ.

అట్లయిన రోగము లేని స్త్రీలకందఱకును ఈ పరీక్ష చేయరాదా యను ప్రశ్న వచ్చును. జపానులో నలుబది మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయసుగల 72,998 మంది స్త్రీలపై జరిగిన పరిశోధనము 2016లో వెలువడెను. మామోగ్రఫీ ఒక్కటే చేసినపుడు ఉన్న క్యాన్సర్లలో నూటికి 77 పట్టుబడగా, అతిధ్వనిని చేర్చినపుడు 91 పట్టుబడెను. కాని అమెరికాలో రొమ్ము దట్టముగా నుండి ముప్పు ఎక్కువగా గల స్త్రీలపై జరిగి 2008లో వెలువడిన పరిశోధనమున, అతిధ్వని మాత్రమే చూచి ముక్క పరీక్ష కావలెనన్న నూర్గురిలో సుమారు తొమ్మండుగురికే క్యాన్సరుండెను. తక్కినవారి ఆందోళన, సూదిపోటు, వ్యయము లెక్కకు రావలెను. కంతి తగిలిన స్త్రీకి ఈ పరీక్ష అవశ్యకము. ఏ లక్షణమును లేనివారికందఱకును చేయుట వేఱు సమస్య.

పల్లెలకు తగిన మార్గము హస్తపరీక్ష యని ముంబయి టాటా స్మారక వైద్యశాల పరిశోధనము సూచించుచున్నది. 1998లో మొదలై లక్షన్నరకు మించిన స్త్రీలపై సాగిన ఆ కార్యము ఫలితములు 2021లో ప్రచురింపబడెను. శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్త్రులు రెండేండ్ల కొకసారి చేసిన హస్తపరీక్షవలన రోగము తొలిదశలో బయటపడెను. ఏబదియేండ్లు, అంతకు మించిన వయసువారిలో ఈ రోగముచే మరణములు దాదాపు నూటికి ముప్పది వంతులు తగ్గెను. అంతకు తక్కువ వయసువారిలో మరణములు తగ్గినట్లు కానరాలేదు. తెలుగునాట డాక్టరు పి. రఘురామ్ స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012 నుండి 2016 వఱకు గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ నిచ్చి సుమారు రెండులక్షల మంది స్త్రీలకు ఇట్టి పరీక్ష జరిపించెను. చేతికి కంతి తగిలినవారిని అతిధ్వనికి పంపుట రెండవ మెట్టు.

ఈ రెండవ మెట్టున మన దేశమునకు ప్రత్యేకమైన ఒక అడ్డు కలదు. ఆడశిశువుల భ్రూణహత్యను నివారించుటకు 1994లో చేయబడిన చట్టము ప్రకారము ప్రతి అతిధ్వని యంత్రమును నమోదు చేయింపవలెను. రొమ్మును చూచుటకే వాడినను మినహాయింపు లేదు. చిన్న యంత్రమును చేతబట్టుకొని ఊరూర తిరుగుట చట్టవిరుద్ధము. చట్టము అవసరమైనదే, ఐనను ఒక స్త్రీని పుట్టుకకు ముందు కాపాడు నియమము మఱొక స్త్రీని ప్రయాణభారమునకు గుఱిచేయుచున్నది. ఆమె పట్టణమునకు రావలెను. ఆ రాక ఒక్కసారితో ముగియునో ముగియదో నివేదిక చెప్పును. ఆమెకు అర్థమగు మాటలలో అది చెప్పవలసిన ఆవశ్యకత ఇందువలన ఇనుమడించుచున్నది.

9. యంత్రపఠనము

చిత్రమును యంత్రమే చదువునను మాట ఇప్పుడు వినబడుచున్నది. మైత్రీవన ప్రాంతమునకు ఈ విషయమున ప్రత్యేక సంబంధము కలదు. అచ్చటి శిక్షణాలయములలో యంత్రములకు నేర్పు విద్య బోధింపబడుచున్నది; ఇంజనీరింగు విద్యార్థులు ప్రాజెక్టుల కొఱకు అచ్చటికి వత్తురు. రొమ్ము అతిధ్వని చిత్రములను వర్గీకరించుట అట్టి ప్రాజెక్టులకు అనువైన విషయము. ఏలయన చిత్రములు ఉచితముగా లభించును. ఈజిప్టులోని బహెయా వైద్యశాలయందు 2018లో 600 మంది స్త్రీలనుండి సేకరించిన 780 చిత్రముల సంచయము అందఱకును అందుబాటులో నున్నది.

ఈ మార్గమున నిజమైన ఆశ కలదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2,88,767 పరీక్షల చిత్రములపై సిద్ధపఱచిన పద్ధతిని 2021లో ప్రకటించిరి. దాని తోడ్పాటుతో చదివిన వైద్యులు క్యాన్సర్లను పట్టుటలో వెనుకబడకయే, తప్పు అనుమానములను నూటికి 37 వంతులు, ముక్క పరీక్షలను సుమారు 28 వంతులు తగ్గించుకొనగలిగిరి.

780 చిత్రములతో చేసిన ప్రాజెక్టు తనకు నూటికి తొంబదితొమ్మిది వంతుల కచ్చితత్వము వచ్చినదని చాటినపుడు మాత్రము సాహిత్య పరిశోధకులు సులభముగా గ్రహింపగల ఒక సందేహము పుట్టవలెను. ఒకే మాతృకనుండి వ్రాసికొన్న రెండు తాళపత్ర ప్రతులను పరిష్కర్త రెండు సాక్ష్యములుగా లెక్కింపడు. పై సంచయమున కొన్ని చిత్రములు పునరుక్తములైనట్లు తరువాతి పరిశీలకులు గుర్తించిరి. ఒకే చిత్రము నేర్చుకొను భాగమునను పరీక్షించు భాగమునను ఉన్నచో యంత్రము గుర్తుపట్టును గాని నిర్ణయింపదు. వేఱు దేశపు స్త్రీలను, వేఱు యంత్రమును చూచి నేర్చినది ఇచ్చటి స్త్రీకి వర్తించునా యనునది మఱొక ప్రశ్న. సమీపముననే వైద్యవిజ్ఞాన సంస్థయు, శిక్షణాలయములును ఉన్న చోట ఈ ఇరువర్గములు కలసి, రోగుల సమ్మతితో, ముక్క పరీక్ష ఫలితములతో సరిచూచిన స్థానిక చిత్రసంచయమును కూర్చినచో అది మైత్రికి తగిన ఫలమగును.

10. ముగింపు

అతిధ్వని చిత్రము నీటితిత్తిని గట్టికంతినుండి వేఱుచేయును. నిరపాయ లక్షణములు గల కంతులకు కోతను తప్పించును. అనుమానముగల కంతికి సూదిని చేర్చును. దాని శక్తి యింతవఱకు. కంతి యేజాతిదో తుదకు సూక్ష్మదర్శిని క్రింద ముక్కను చూచియే తెలిసికొనవలెను.

తెలుగు శాఖలకు ఈ విషయమున చేయదగిన కార్యము కలదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వంటి సంస్థలు పాఠ్యగ్రంథములకై శాస్త్రపరిభాషను కూర్చినవి. రోగికి చెప్పవలసిన పరిభాష నామపదములతో తీరదు. దానికి క్రియారూపములు కావలెను. నివేదికతోపాటు తెలుగున మూడు వాక్యములు చాలును: ఏమి కనబడినది, ఎంత అనుమానము, తరువాత ఎప్పుడు ఏమి చేయవలెను. ఈ మూడు వాక్యములను వైద్యులతో కలసి రచించి, చదువురాని స్త్రీలకు వినిపించి, వారు ఏమి గ్రహించిరో అడిగి సరిదిద్దుట పరిశోధక విద్యార్థి కొకనికి తగిన పని. 'కాదు' అనుటకును 'కాదనవచ్చును' అనుటకును గల భేదము వ్యాకరణమున చిన్నది. పరీక్ష ముగించి పంజగుట్ట బస్సెక్కు స్త్రీకి అది ఆరునెలల తరువాత తిరిగివచ్చుటకును రాకుండుటకును నడుమ నున్న భేదము.